దూలం మీది దుమ్ము

దసరా దగ్గర పడితే మన మిల్లుల్లో, వర్క్‌షాపుల్లో సందడి మొదలవుతుంది. ఆయుధపూజకు ముందురోజు మిషన్లు ఆపేస్తారు. మోటార్లు తుడుస్తారు, నేల కడుగుతారు, గుమ్మాలకు మామిడాకులు కడతారు, యంత్రాలకు పసుపూ కుంకుమా పెడతారు. ఏడాదంతా ఎవరి కంటా పడని మూలలు ఆ ఒక్కరోజు వెలుగు చూస్తాయి. అంత శ్రద్ధగా చేసే ఆ పనిలో ఒక అలవాటు మాత్రం భయం పుట్టిస్తుంది. కంప్రెసర్ గొట్టం పట్టుకుని పైన దూలాల మీదికీ, కేబుల్ ట్రేల మీదికీ, ట్యూబులైట్ పట్టీల మీదికీ ‘ఎయిర్ కొట్టడం’. షెడ్డంతా క్షణంలో మబ్బు కమ్మినట్టవుతుంది. కాసేపాగి, నేలకు దిగినదాన్ని ఊడ్చేస్తారు. దిగనిది మళ్లీ దూలమెక్కుతుంది. మిగిలింది ఊడ్చినవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

‘శుభ్రంగా ఉందా?’ అన్న ప్రశ్న ఇంటికి చాలు. ఫ్యాక్టరీకి చాలదు. అక్కడ అడగాల్సింది ‘ఇక్కడి దుమ్ము ఎక్కడికి పోయింది?’ అని. ఈ రెండు ప్రశ్నల మధ్య ఎంత దూరముందో అమెరికాలో జరిగిన ఒక ప్రమాదం చెబుతుంది.

నార్త్ కరొలినా రాష్ట్రంలో కిన్‌స్టన్ అనే ఊరుంది. అక్కడ వెస్ట్ ఫార్మాస్యూటికల్ సర్వీసెస్ అనే సంస్థకు వైద్య అవసరాల కోసం రబ్బరు సామగ్రి తయారుచేసే కర్మాగారం ఉండేది. మందుల రంగానికి పనిచేసే చోటు కాబట్టి కింద పనిచేసే గదులను ఎప్పటికప్పుడు తుడిచి అద్దంలా ఉంచేవారు. రబ్బరు పట్టీలు ఒకదానికొకటి అంటుకోకుండా వాటిని పాలిథిలిన్ పొడి కలిపిన నీళ్లలో ముంచి, ఫ్యాన్ల గాలికి ఆరబెట్టేవారు. నీరు ఆవిరయ్యాక ఆ పొడిలో అతి సన్నటి భాగం గాలిలోకి లేచి, ఫాల్స్ సీలింగ్ సందుల్లోంచి పైకి పోయి, అక్కడే మెల్లగా పేరుకుంది. కింద నిలబడి చూస్తే అంతా శుభ్రమే. 2003 జనవరి 29న ఎక్కడో నిప్పు రాజుకుంది. సీలింగ్ పైనున్న పొడి మొత్తం అంటుకుని పేలింది. ఆరుగురు చనిపోయారు, పదుల మంది గాయపడ్డారు. మొదటి నిప్పు ఎక్కడ పుట్టిందో దర్యాప్తు చేసిన కెమికల్ సేఫ్టీ బోర్డు కూడా తేల్చలేకపోయింది. చూసి తేల్చడానికి అక్కడ మిగిలింది అంత తక్కువ. కనపడే చోట శుభ్రత బాగా జరిగిన కర్మాగారం అది, ఆ మాట మాత్రం మరిచిపోకూడదు.

పాలిథిలిన్ అంటే ప్లాస్టిక్ కాబట్టి మండిందనుకుంటాం. కానీ గోధుమపిండి, పంచదార, తౌడు, పసుపు, కారం, పాలపొడి, రంపపు పొట్టు, పత్తి నూగు, మాత్రల్లో వాడే సెల్యులోజ్, ఇనుము, అల్యూమినియం పొడి — తగినంత మెత్తగా ఉంటే ఇవన్నీ గాలిలో పేలగలవు. తుమ్మ మొద్దుకు అగ్గిపుల్ల గీసి పెడితే అంటుకోదు, దాన్నే చితుకులుగా చీలిస్తే గుప్పున మండుతుంది. ఆ చితుకుల్ని పిండి చేసి గాలిలో చల్లితే ఇక మంట కాదు, పేలుడు. లెక్క కూడా సులువే. ఒక సెంటీమీటరు ఘనం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని మిల్లీమీటరులో పదోవంతు సైజు ముక్కలు చేస్తే మొత్తం ఉపరితలం 600 అవుతుంది. మిల్లీమీటరులో నూరోవంతు చేస్తే 6,000. పదార్థం అంతే, దాన్ని చుట్టుముట్టే గాలి వెయ్యి రెట్లు. ఇది కొత్తగా తెలిసిందేమీ కాదు. 1785లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఒక రొట్టెల దుకాణం గోదాములో దీపం పెట్టుకుని పిండి తోడుతుంటే పేలుడు జరిగిందనీ, ఎందుకు జరిగిందనీ మొరోజ్జో అనే ఆయన అప్పుడే రాసిపెట్టాడు.

మరి ఎంత దుమ్ముంటే ప్రమాదం? సామాన్యంగా అందరూ తప్పు అంచనా వేసేది ఇక్కడే. సేంద్రియ ధూళి చాలా రకాల్లో ఘనపు మీటరు గాలికి సుమారు 30 నుంచి 60 గ్రాములు కలిస్తే పేలే స్థితి వస్తుంది. అంత చిక్కటి మబ్బులో చేతి దూరంలో బల్బు వెలుగుతున్నా మసకగానే కనిపిస్తుంది, మనిషి నిలబడి పనిచేయలేడు. ‘మా షెడ్డులో ఎప్పుడూ అంత దుమ్ము లేవదులెండి’ అని యజమాని ధైర్యంగా అనడానికి కారణం అదే. ఆయన మాట అబద్ధం కాదు, కాకపోతే సగమే నిజం. నేల మీద ఒక్క మిల్లీమీటరు మందాన పిండి పరుచుకుని ఉందనుకుందాం. అలాంటి పొడి ఘనపు మీటరు 500 కిలోలు తూగుతుంది. అది మొత్తం ఒక్క ఊపులో లేచి అయిదు మీటర్ల ఎత్తున్న షెడ్డు నిండా పరుచుకుంటే ఘనపు మీటరుకు 100 గ్రాములు. హద్దు దాటిపోయింది. ఒక్క మిల్లీమీటరుకే!

ఆ ఒక్క ఊపు ఎక్కడి నుంచి వస్తుంది? బకెట్ ఎలివేటరు గొట్టంలోనో, గాదెల కిందనున్న కన్వేయరులోనో, డ్రయ్యరులోనో పుట్టే చిన్న పేలుడు నుంచి. మిషను లోపల ఎప్పుడూ చిక్కటి దుమ్ము ఉంటుంది. ఒక బేరింగు వేడెక్కితే చాలు. ఆ చిన్న పేలుడు గొట్టాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. దాని గాలి తోపుకు దూలాల మీద, గోడల మీద ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము ఒక్కసారి రాలి మబ్బవుతుంది. వెనకాలే వచ్చే మంట దాన్ని అంటిస్తుంది. భవనాన్ని కూల్చేది, ప్రాణాలు తీసేది ఎక్కువగా ఈ రెండో పేలుడే. మొదటి దానికి మిషను కారణం, రెండోదానికి మన చీపురు వెళ్లని చోటు కారణం.

2008 ఫిబ్రవరి 7న అమెరికాలోనే జార్జియా రాష్ట్రం పోర్ట్ వెంట్‌వర్త్‌లో ఇంపీరియల్ షుగర్ కర్మాగారంలో జరిగింది సరిగ్గా ఇదే. పంచదార గాదెల కింద నడిచే కన్వేయరు బెల్టుకు, పంచదారలో చెత్త పడకూడదన్న మంచి ఉద్దేశంతోనే, ముందటేడు స్టీలు మూతలు బిగించారు. మూతల లోపల దుమ్ము బయటికి పోయే దారిలేక చిక్కబడింది. వేడెక్కిన బేరింగే నిప్పంటించి ఉంటుందని దర్యాప్తు తేల్చింది. ఆ తర్వాత ప్యాకింగు భవనాల్లో అంతస్తు తర్వాత అంతస్తు పేలుకుంటూ పోయింది, నేల మీదా పై భాగాల్లోనూ పేరుకున్న పంచదార పొడే ఇంధనంగా. 14 మంది పోయారు. పంచదార ధూళి పేలుతుందన్న సంగతి ఆ కర్మాగారం సొంత ఉత్తరప్రత్యుత్తరాల్లో దశాబ్దాల ముందే ఉంది. తెలియక జరిగింది కాదు, ఏళ్ల తరబడి ఏమీ కాలేదు కాబట్టి ఏమీ కాదన్న ధీమాతో జరిగింది.

మన దగ్గర 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచీ పరిశ్రమలో పేలుడు జరిగి 50 మందికి పైగా చనిపోయారు. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. మాత్ర విడిపోకుండా పట్టి ఉంచే తెల్లటి పొడి, మనం రోజూ మింగే చాలా మాత్రల్లో ఉండేదే. ఆ ప్రమాదంలో ఎవరి తప్పెంత అన్నది విచారణలు తేల్చాల్సిన విషయం. కానీ ‘రసాయనం కాదు కదా, పిండిలాంటి పొడే కదా’ అనుకునేవాళ్లకు ఆ పొడి మండే జాతిదేనని చెప్పక తప్పదు.

సరే, ఇప్పుడు పనిలోకి వద్దాం. ఎంత పేరుకుంటే ప్రమాదమో గుర్తించడానికి పరికరం అక్కర్లేదు. అమెరికా అగ్నిమాపక ప్రమాణాల్లో చాలాకాలంగా నడిచిన కొలత అంగుళంలో 32వ వంతు, అంటే సుమారు 0.8 మిల్లీమీటర్లు. కాగితాలకు పెట్టే క్లిప్పు తీగ మందం. అంత మందాన దుమ్ము నేల విస్తీర్ణంలో 5 శాతం కన్నా ఎక్కువ మేర పరుచుకుంటే వెంటనే తీసేయాలి. ఇంకా తేలిక గుర్తు కావాలంటే, కింద ఉన్న పెయింటు రంగేమిటో తెలియకపోతే దుమ్ము ఎక్కువైనట్టే. ఆ 5 శాతంలో ఒక మెలిక ఉంది. పైకప్పు మోసే ఇనుప దూలాల పై అంచులన్నీ కలిపితేనే నేల విస్తీర్ణంలో దాదాపు 5 శాతం వస్తుందని ఆ ప్రమాణాల్లోనే లెక్క చూపారు. అంటే నేల మీద గింజ కూడా లేకుండా ఊడ్చినా, దూలాలు వదిలేస్తే పరీక్ష తప్పినట్టే.

అందుకే మొదటి పని చీపురు కొనడం కాదు, నిచ్చెనెక్కి చూడడం. దూలం మీద ఒక అడుగు మేర తుడిచి తేదీ రాసి వదిలేయండి. ఎన్నాళ్లకు మళ్లీ రంగు కనపడకుండా పోతుందో చూస్తే ఆ షెడ్డుకు ఎంత తరచుగా శుభ్రం కావాలో అదే చెబుతుంది. పాలిషరు పక్కన మూడు రోజులు పట్టొచ్చు, గోదాము చివర మూడు నెలలు పట్టొచ్చు. అన్ని చోట్లా నెలకోసారి అని బోర్డు రాసిపెట్టడం కన్నా ఇది మేలు.

రెండో పని, దుమ్ము పుట్టేచోటే ఆపడం. ఏ రైస్ మిల్లుకైనా వెళ్లి ఎలివేటరు అడుగు భాగం దగ్గర, గొట్టాల అతుకుల దగ్గర చూడండి. బిగించిన గుడ్డ తొడుగు చిరిగి ఉంటుంది, దాని చుట్టూ చిట్టు కుప్ప పోసి ఉంటుంది. రోజూ ఇద్దరు మనుషులు దాన్ని ఎత్తి పోస్తుంటారు. ఆ చిరుగు కుట్టించడానికి అయ్యే ఖర్చు ఒక్కరోజు కూలి కూడా ఉండదు. అయినా ఏళ్లకేళ్లు కుట్టరు. ఊడ్చే మనిషి ఉన్నంతకాలం కారుతున్న చోటు ఎవరికీ గుర్తురాదు. నా దృష్టిలో మన పరిశ్రమల్లో శుభ్రతకు పెద్ద శత్రువు సోమరితనం కాదు, చవకగా దొరికే చీపురు. అతుకు బిగించాక, ఇంకా లేచే దుమ్మును అక్కడికక్కడే పీల్చే గొట్టం పెట్టి సైక్లోనుకో బ్యాగు ఫిల్టరుకో కలపాలి. ఆ ఫిల్టరు సంచులను దులపకపోతే పీల్చే బలం తగ్గిపోయి మళ్లీ మొదటికే వస్తుందన్నది వేరే చెప్పనక్కర్లేదు, కానీ దులపనివాళ్లే ఎక్కువ.

ఇక మిగిలిపోయేదాన్ని తీయడం. మిషన్లు ఆపాలి, మెయిన్ స్విచ్చు తీసి తాళం వేయాలి. పైనుంచి కిందికి రావాలి: ముందు దూలాలు, తర్వాత గొట్టాలు, కేబుల్ ట్రేలు, మిషన్ల నెత్తి, చివర నేల. ఎగరగొట్టకూడదు, పీల్చాలి. ఇక్కడ బజారులో దొరికే మామూలు వాక్యూమ్ క్లీనరు పనికిరాదు. దాని మోటారులో నిప్పురవ్వలు పుడతాయి, ప్లాస్టిక్ గొట్టంలో దుమ్ము రాసుకుంటూ పోతే స్థిరవిద్యుత్తు పేరుకుంటుంది. మండే ధూళి కోసమే చేసిన రకం, విద్యుత్తును నేలకు దించే గొట్టంతో వచ్చేది తీసుకోవాలి. అది కొనే స్తోమత లేని చిన్న మిల్లు మెత్తటి కుచ్చు చీపురుతో, కొద్దిగా తడిపిన గుడ్డతో నెమ్మదిగా కిందికి తీయొచ్చు. ఆలస్యమవుతుంది, కానీ మబ్బు లేవదు. కంప్రెసర్ గాలి తప్పదనుకున్న చోట, అంటే చెయ్యీ గొట్టమూ వెళ్లని సందుల్లో, ముందు తీయగలిగినంతా తీసేశాక, కరెంటూ నిప్పూ లేకుండా చూసుకుని, ఒత్తిడి బాగా తగ్గించి వాడాలి. శుభ్రం చేయడానికి వాడే గాలి ఒత్తిడి అమెరికా నిబంధనల ప్రకారం 30 పీఎస్ఐ దాటకూడదు. మన వర్క్‌షాపుల్లో కంప్రెసర్ లైను 90, 100 దగ్గర నడుస్తుంటుంది. షిఫ్టు దిగేటప్పుడు అదే గొట్టంతో ఒంటి మీద చొక్కా దులుపుకోవడం చాలాచోట్ల మామూలే. ఆ గాలి గాయంలోంచి చర్మం కిందికి దూరితే ఆస్పత్రి పాలవుతారు. ఈ ఒక్క అలవాటు ఈ రోజే మానిపించవచ్చు, ఖర్చేమీ లేదు.

నీళ్లతో కడిగేస్తే పోతుంది కదా అంటారు. ఏ దుమ్ముకు అన్నదాన్ని బట్టి ఉంటుంది. పిండి మిల్లులో నీళ్లు పోస్తే పిండి ముద్దై అంటుకుంటుంది, రెండు రోజుల్లో బూజు, పురుగు. అల్యూమినియం పొడి నీళ్లతో కలిస్తే హైడ్రోజన్ వాయువు పుడుతుంది, అంటే ఒక ప్రమాదం పోయి ఇంకోటి వచ్చినట్టు. అదే కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ కోసే యూనిట్లలో మాత్రం నీళ్లే శరణ్యం. ఆ రాతి దుమ్ము మండదు, కానీ అందులో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. మన కంటికి కనపడి విసిగించే దుమ్ముకన్నా కనపడని దుమ్మే అక్కడ చంపేది. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లే రేణువులు 5 మైక్రాన్ల లోపువి. ఒక మైక్రాను రాతి రేణువు మనిషి ఎత్తు నుంచి నేలకు దిగడానికి కదలని గాలిలో కూడా గంటలు పడుతుంది. సాయంత్రం షిఫ్టువాళ్లు పొడి చీపురుతో ఊడ్చి వెళ్తే, లేచిన దుమ్మును రాత్రి షిఫ్టువాళ్లు పీలుస్తారు. రాయి కోసేటప్పుడు నీళ్లు పెడుతున్నాం కదా అని అక్కడితో ఆగిపోతారు చాలామంది. ఆ బురద నేల మీద ఎండి, లారీ చక్రాల కింద నలిగి మళ్లీ దుమ్మవుతుంది. తడిగా ఉండగానే ఎత్తేయాలి.

మందుల కంపెనీల సంగతి వేరు. ఒక మందు చేసిన మిషనులో ఇంకో మందు చేసేముందు, పాతది ఎంత మిగిలిందో దూదిపుల్లతో తుడిచి ప్రయోగశాలలో కొలుస్తారు. పది లక్షల వంతుల్లో పది వంతులు దాటకూడదు అన్నంత నిక్కచ్చి లెక్కలు ఉంటాయి. కంటితో చూసి ‘బాగానే ఉంది’ అనడం అక్కడ కుదరదు. మిషను లోపలికి ఉన్న ఈ పట్టింపు అదే ఆవరణలో సీలింగు పైకి, డక్టుల వెనక్కి ఎందుకు వెళ్లదన్నది నాకెప్పుడూ అంతుపట్టదు. బహుశా లోపలి మురికి సరుకును పాడుచేస్తుంది, సరుకు వెనక్కి వస్తే నష్టం. పైనున్న మురికి మనిషినే పాడుచేస్తుంది.

దుమ్ము కాని వాటి గురించి రెండు మాటలు. నూనె ఒలికిన చోట రంపపు పొట్టు చల్లి ఎత్తడం పాత పద్ధతి, మంచిదే. కానీ నూనె పీల్చుకున్న పొట్టునూ బనియన్ వేస్టునూ మూల కుప్పగా వదిలేయకూడదు. అవిసె నూనెలాంటి ఆరిపోయే నూనెలు, వాటితో చేసిన వార్నిషులు గాలిలో ఆరుతూ వేడి పుట్టిస్తాయి, కుప్ప లోపలి వేడి బయటికి పోలేక ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకుంటుంది. మూతున్న ఇనుప డబ్బాలో వేసి ఏ రోజుకారోజు పంపించేయాలి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్డునూ బ్లీచింగునూ ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది.

చట్టం ఏమందంటే, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 11వ సెక్షను చెత్తాచెదారం రోజూ తీయాలంది, పనిగది నేలను వారానికోసారి కడగడమో మరో సరైన పద్ధతిలో శుభ్రం చేయడమో చేయాలంది, సున్నం కొట్టిన గోడలకు 14 నెలలకోసారి మళ్లీ సున్నం కొట్టి ఆ తేదీ రిజిస్టరులో రాయాలంది. మండే ధూళి పేరుకోనివ్వకూడదన్న మాట 37వ సెక్షనులో విడిగా ఉండేది. కదులుతున్న ట్రాన్స్‌మిషన్ యంత్రాలను ఆడవాళ్లూ పిల్లవయసువాళ్లూ తుడవకూడదని 22వ సెక్షను. చదివితే అంతా ఉన్నట్టే. కానీ సున్నం తేదీ రిజిస్టరులో కనిపిస్తుంది, దూలం మీది దుమ్ము కనిపించదు. తనిఖీకి వచ్చినవాళ్లు నిచ్చెన అడగరు.

చివరికి పని ఎవరి చేతిలో ఉందన్నదే తేడా తెస్తుంది. మన దగ్గర ఊడ్చేపని కాంట్రాక్టరు పంపిన ఆడవాళ్లది. ఏ మిషను ఎందుకు దుమ్ము కక్కుతోందో వాళ్లకు చెప్పేవాళ్లు లేరు, వాళ్లు చూసి చెప్పినా వినేవాళ్లు లేరు, మిషను ఆపమనే హక్కు అసలే లేదు. ఉత్పత్తి ఆలస్యమైతే ముందు కోసేది శుభ్రానికి ఇచ్చిన అరగంటనే. మిషను నడుపుతుండగానే కింద చెయ్యిపెట్టి ఊడ్చే పరిస్థితి, చీరకొంగు బెల్టులో చిక్కుకునే పరిస్థితి అక్కడినుంచే వస్తాయి. జపాన్ కర్మాగారాల్లో ఆపరేటరే తన మిషనును తుడుస్తాడు. తుడిచేటప్పుడు చెయ్యి ఆనితే బేరింగు వేడెక్కిందా, బోల్టు వదులైందా, నూనె కారుతోందా ఇట్టే తెలుస్తుంది కాబట్టి. మనవాళ్లు ఆ పద్ధతిని 5ఎస్ పేరుతో తెచ్చి గోడకు పోస్టరు తగిలించారు గానీ గుడ్డ మాత్రం ఆపరేటరు చేతికి ఇవ్వలేదు. శుభ్రానికి వేరే మనుషులు ఉండొచ్చు, తప్పులేదు. కనీసం షిఫ్టులో ఒక పావుగంట మిషను ఆపి ఆపరేటరూ ఊడ్చే ఆమే కలిసి చేస్తే, కారే చోటు ఆమె చూపిస్తుంది, అతను బిగిస్తాడు.

తీసిన దుమ్మును ఏం చేయాలన్నది చాలామంది ఆలోచించని విషయం. మిల్లుల్లో ఊకతో మండే బాయిలరు పక్కనే ఉంటుంది కాబట్టి పార నిండా దుమ్ము తెచ్చి పొయ్యిలో విసరడం తేలిక. ఊక మండినట్టు దుమ్ము మండదు. పొయ్యి నోట్లోనే గుప్పున లేచి వెనక్కి వచ్చి ముఖం కాలుస్తుంది. దుమ్ము కుప్ప ఎక్కడైనా రాజుకుని పొగలు కక్కుతుంటే దాని మీద ఫైర్ ఎక్స్‌టింగ్విషరు గట్టిగా కొట్టినా, గొట్టంతో నీళ్లు జోరుగా పట్టినా కుప్ప ఎగిరి అదే జరుగుతుంది. జల్లుగా, అంచుల నుంచి తడపాలి. రోజువారీ దుమ్మును మూతున్న ఇనుప డ్రమ్ములో పోసి షెడ్డు బయట, బాయిలరుకూ వెల్డింగు చేసే చోటుకూ దూరంగా పెట్టాలి. మర్నాటికి ఉంచకుండా ఆ సాయంత్రమే ఆవరణ దాటించాలి.